ఇండియన్ కాఫీ హౌస్, కాలేజీ స్ట్రీట్

ఇండియన్ కాఫీ హౌస్ కోల్‌కతా నగరంలోని కాలేజీ స్ట్రీట్ ప్రాంతంలో, బంకిం ఛటర్జీ వీధిలో ఉన్న ప్రసిద్ధ ఫలహారశాల. ప్రెసిడెన్సీ విశ్వవిద్యాలయం, కలకత్తా విశ్వవిద్యాలయం, వందలాది పుస్తకాల దుకాణాలు దీనికి చేరువలోనే ఉన్నాయి. ఆహారం కంటె ఇక్కడి వాతావరణానికే పేరు ఎక్కువ. బెంగాలీ రచయితలు, విద్యార్థులు, రాజకీయ కార్యకర్తలు తరతరాలుగా ఇక్కడ కూర్చుని చర్చలు సాగించారు.

చరిత్ర

ఈ భవనం మొదటి పేరు ఆల్బర్ట్ హాల్. 1876లో దీనిని నెలకొల్పారు. అప్పట్లో ఇది బహిరంగ సభలకు వేదిక. సురేంద్రనాథ్ బెనర్జీ తదితరులు ఏర్పాటు చేసిన ఇండియన్ నేషనల్ కాన్ఫరెన్స్ తొలి సమావేశం 1883 డిసెంబరులో ఇక్కడే జరిగింది. అది భారత జాతీయ కాంగ్రెసు ఆవిర్భావానికి రెండేళ్ళ ముందు మాట. 1899 ఫిబ్రవరిలో సోదరి నివేదిత కాళీమాతపై ఉపన్యసించినది కూడా ఈ హాలులోనే.

కాఫీ వాడకాన్ని పెంచే ఉద్దేశంతో కాఫీ బోర్డు 1942లో ఇక్కడ కాఫీ హౌస్ తెరచింది. తేనీటికి అలవాటుపడిన నగరంలో దక్షిణాది పానీయానికి ఇది ఒక స్థావరమయింది.

మూసివేత, సహకార సంఘం

1950వ దశకంలో కాఫీ బోర్డు తన కాఫీ హౌస్‌లను మూసివేయ నిర్ణయించటంతో దేశమంతటా కార్మికులు ఉపాధి కోల్పోయే పరిస్థితి వచ్చింది. కమ్యూనిస్టు నాయకుడు ఎ.కె.గోపాలన్ ప్రోత్సాహంతో కార్మికులు సహకార సంఘాలుగా ఏర్పడి, ఆ కాఫీ హౌస్‌లను తామే నడపటానికి పూనుకున్నారు. వీటిలో మొదటిది 1957లో బెంగుళూరులో ఏర్పడింది.

కాలేజీ స్ట్రీట్ కాఫీ హౌస్ కూడా 1958లో మూతపడింది. ప్రెసిడెన్సీ కళాశాల, కలకత్తా విశ్వవిద్యాలయాల అధ్యాపకులు ప్రభుత్వానికి వినతిపత్రం సమర్పించగా, అదే సంవత్సరం తిరిగి తెరుచుకున్నది. ఒక ఫలహారశాల కోసం ఆచార్యులు అర్జీ పెట్టటం అరుదైన విషయం. తరగతి గది వెలుపల విద్యార్థులు, ఉపాధ్యాయులు సమానంగా కూర్చుని వాదించుకునే చోటు అక్కడ మరొకటి లేకపోవటమే అందుకు కారణం.

వాతావరణం

హాలు మేడమీద ఉంటుంది. ఎత్తైన కప్పు నుండి పొడవాటి కడ్డీలకు పంకాలు వ్రేలాడుతుంటాయి. గోడపై రవీంద్రనాథ్ ఠాగూర్ పెద్ద చిత్రపటం ఉన్నది. హాలు చుట్టూ పైభాగంలో ఉన్న బాల్కనీలో కూడా బల్లలు వేసి ఉంటాయి. వడ్డించేవారి తెల్లని దుస్తులు, విసనకఱ్ఱ ఆకారంలో కుచ్చు నిలిచిన తలపాగా, నడుముకు వెడల్పాటి పట్టీ బోర్డు కాలం నుండి వస్తున్న ఆనవాయితీ.

ఇక్కడి సంభాషణా సంప్రదాయాన్ని బెంగాలీలో "అడ్డా" అంటారు. తెలుగునాట అడ్డా అంటే కూలీలు పని కోసం, ఆటోలు బేరం కోసం నిలిచే చోటు. బెంగాలీలో అది తీరికగా సాగే ఇష్టాగోష్ఠి. మన రచ్చబండకు దగ్గరి మాట. ఒక కప్పు కాఫీతో గంటల తరబడి కూర్చున్నా లేవమనకపోవటం ఇక్కడి పద్ధతి. సాధారణంగా హోటలుకు లాభం రావాలంటే బల్లలు త్వరగా ఖాళీ కావాలి. ఇక్కడ ధరలు తక్కువ, కూర్చునే వేళ ఎక్కువ. అందువలన నిర్వహణ ఎప్పుడూ కత్తిమీద సామే. అయితే ఆ వెసులుబాటు తీసివేస్తే ఈ స్థలానికి ప్రత్యేకత మిగలదు.

ఆహార పదార్థాలు

పాలు కలపని కాఫీని ఇక్కడ "ఇన్‌ఫ్యూజన్" అంటారు. పాలతో చేసిన వేడి కాఫీ, చల్లని కాఫీ కూడా లభిస్తాయి. పకోడీలు, ఆమ్లెట్, శాండ్‌విచ్, కట్లెట్‌లు ఇతర ఫలహారాలు. వీటిలో కబిరాజీ కట్లెట్ కోల్‌కతా ప్రత్యేకత. మాంసం లేదా చేప ముక్కపై గిలకొట్టిన గుడ్డు సొన వేసి నూనెలో వేయించగా, సొన పొంగి జాలీ వంటి పొరగా ఏర్పడుతుంది.

సాహిత్యం, సంగీతం

"కృత్తిబాస్" కవితా పత్రికకు చెందిన సునీల్ గంగోపాధ్యాయ, శక్తి చటోపాధ్యాయ వంటి కవులు ఇక్కడికి వచ్చేవారు. అనేక చిన్న పత్రికల ప్రణాళికలు ఈ బల్లల వద్దనే రూపుదిద్దుకున్నాయి.

మన్నా డే 1983లో పాడిన పాట కాఫీ హౌస్ కీర్తిని బెంగాల్ అంతటా వ్యాపింపజేసింది. గౌరీప్రసన్న మజుందార్ రచించగా సుపర్ణకాంతి ఘోష్ స్వరపరచారు. ఒకప్పుడు ఒకే బల్ల చుట్టూ చేరిన ఏడుగురు మిత్రులు చెల్లాచెదరు కావటం ఆ పాట ఇతివృత్తం. మిత్రులు వెళ్ళిపోయినా ఆ కుర్చీలలో కొత్తవారు వచ్చి కూర్చుంటూనే ఉంటారని అది గుర్తు చేస్తుంది.

చేరుకొను మార్గం

కోల్‌కతా మెట్రోలో మహాత్మా గాంధీ రోడ్ స్టేషను నుండి, సియాల్దా రైల్వే స్టేషను నుండి కూడా ఇక్కడికి నడిచి రావచ్చును.