వేరే రాష్ట్రంలో సెకండ్ హ్యాండ్ కారు కొంటున్నారా? డబ్బు చెల్లించే ముందు తెలుసుకోవాల్సినవి ఇవే

2025 నవంబర్ 10న ఢిల్లీలో ఎర్రకోట సమీపంలో కారు పేలుడు జరిగినప్పుడు, దర్యాప్తు అధికారులకు దొరికిన తొలి ఆధారాల్లో ఆ కారు నంబరు ఒకటి. అది హర్యానా నంబరు. రికార్డుల్లో పేరున్న వ్యక్తి కోసం పోలీసులు గురుగ్రామ్ వెళ్లారు. ఆయన ఆ కారును ఎప్పుడో అమ్మేశారు. ఆ తర్వాత అది పలువురి చేతులు మారి, రాష్ట్రాలు దాటింది. అయినా పోలీసులకు ముందు జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది మాత్రం పాత యజమానే.

ఇంత తీవ్రమైన ఘటనలు అరుదు. కానీ కారు ఒకరి దగ్గర, పేరు మరొకరి మీద ఉండిపోవడం అరుదు కాదు. రాష్ట్రం దాటి జరిగే అమ్మకాల్లో ఇది మరీ ఎక్కువ. ఎందుకంటే అక్కడ ఒక ఆర్టీవో ఆఫీసుతో పని పూర్తి కాదు. పాత రాష్ట్రం వదలాలి, కొత్త రాష్ట్రం తీసుకోవాలి, మధ్యలో పన్ను కట్టాలి.

తెలుగువారికి ఇది దూరపు విషయం కాదు. 2014 జూన్ 2కు ముందు హైదరాబాద్‌లో కారు కొని విజయవాడ తీసుకెళితే అదంతా ఒకే రాష్ట్రంలో జరిగే లావాదేవీ. ఇప్పుడు అది అంతర్రాష్ట్ర కొనుగోలు. బెంగళూరు, చెన్నై, ఢిల్లీ నుంచి కారు తెచ్చుకునేవారికి వర్తించే నిబంధనలే దీనికీ వర్తిస్తాయి.

చట్టం దృష్టిలో యజమాని ఎవరు?

డబ్బు ఇచ్చి, తాళాలు తీసుకుని, స్టాంపు పేపరు మీద సంతకాలు చేసుకుంటే కారు తమదైపోయినట్టేనని చాలామంది అనుకుంటారు. కొన్నవారికి, అమ్మినవారికి మధ్య అది ఒప్పందంగా చెల్లుతుంది. కానీ మోటారు వాహనాల చట్టం, 1988 చూసేది రిజిస్ట్రేషన్‌లో ఎవరి పేరుందన్నదే.

2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు ఈ విషయాన్ని స్పష్టం చేసింది. 2009లో ఒక కారు ప్రమాదానికి కారణమైంది. అప్పటికే దాన్ని అమ్మేశానని, ఆ తర్వాత అది ఒకరి నుంచి మరొకరికి వెళ్లిందని రిజిస్టర్డ్ యజమాని వాదించారు. అయితే రికార్డుల్లో పేరు మారలేదు కాబట్టి బాధితులకు పరిహారం చెల్లించాల్సిన బాధ్యత ఆయనదేనని కోర్టు తేల్చింది. ప్రమాదంలో నష్టపోయినవారు ఒక్కో కొనుగోలుదారు వెంట పడి అసలు యజమాని ఎవరో వెతుక్కోవాల్సిన పరిస్థితి రాకూడదన్నది ఆ తీర్పు వెనకున్న ఆలోచన.

అంటే పేరు మార్చకపోతే అమ్మినవారికి ప్రమాదం. కొన్నవారికి కూడా అంతే. కారు తన పేరున లేకపోతే దాన్ని మళ్లీ అమ్మలేరు. బీమా క్లెయిము ఇబ్బందుల్లో పడుతుంది. పాత యజమాని ఊరు మారినా, మరణించినా, ఫోను తీయడం మానేసినా కాగితాలు అక్కడే ఆగిపోతాయి.

ఎన్‌వోసీ ఎందుకంత కీలకం?

కారు ఒక రాష్ట్రం రికార్డు నుంచి మరో రాష్ట్రం రికార్డుకు వెళ్లాలంటే పాత ఆర్టీవో ఇచ్చే నిరభ్యంతర పత్రం, అంటే ఎన్‌వోసీ తప్పనిసరి. దీనికి ఫారం 28లో దరఖాస్తు చేయాలి. చేయాల్సింది రికార్డుల్లో ఉన్న యజమాని. ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేస్తే ఓటీపీ కూడా రికార్డుల్లో ఉన్న మొబైల్ నంబరుకే వెళుతుంది. కాబట్టి అమ్మేవారి సహకారం లేకుండా కొనేవారు ఈ పని చేయించుకోలేరు.

చట్టంలోని సెక్షన్ 48 ప్రకారం ఎన్‌వోసీ ఇచ్చే ముందు ఆ వాహనం మీద దొంగతనం కేసు లేదని పోలీసుల నుంచి నివేదిక తీసుకోవాలి. రోడ్డు పన్ను సహా ప్రభుత్వానికి కట్టాల్సిన బకాయిలు లేవని సరిచూడాలి. దరఖాస్తు అందిన 30 రోజుల్లోగా తిరస్కరిస్తున్నట్టు తెలియజేయకపోతే ఎన్‌వోసీ ఇచ్చినట్టే భావించాలని కూడా చట్టం చెబుతోంది. అయితే కొత్త ఆర్టీవో అడిగేది కాగితమే కాబట్టి దాన్ని చేతికి తీసుకోవడమే క్షేమం.

ఎన్‌వోసీని కారు ఏ ఆర్టీవో పరిధిలోకి వెళుతోందో ఆ ఆఫీసు పేరు మీద ఇస్తారు. గుంటూరులో ఉండేవారు హైదరాబాద్‌లోని బంధువుల చిరునామా ఇచ్చి ఎన్‌వోసీ తీసుకుంటే తర్వాత మళ్లీ మొదటికి రావాల్సి ఉంటుంది.

కారు మీద రుణం ఉంటే దానికి ముందు మరో మెట్టు ఉంది. ఆర్‌సీలో హైపోథికేషన్ నమోదై ఉంటే, ఫైనాన్స్ ఇచ్చిన సంస్థ రాతపూర్వక అంగీకారం లేకుండా పేరు మారదు. రుణం తీరినంత మాత్రాన ఆ నమోదు దానంతట అదే పోదు. బ్యాంకు ఇచ్చే లేఖ, ఫారం 35 ఆర్టీవోకు సమర్పిస్తేనే రికార్డుల్లో తొలగిస్తారు. రుణం తీర్చి ఏళ్లయినా ఆర్‌సీలో బ్యాంకు పేరు అలాగే మిగిలిపోయిన కార్లు ఎన్నో ఉంటాయి.

30 రోజులా, 12 నెలలా?

ఎక్కువమంది తికమకపడేది ఈ గడువు దగ్గరే. ఒక రాష్ట్రంలో రిజిస్టరైన వాహనాన్ని మరో రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే కొత్త నంబరు తీసుకోవాలని సెక్షన్ 47 చెబుతోంది. ‘ఏడాది దాకా పాత నంబరుతో తిరగొచ్చు’ అన్న మాట ఇక్కడి నుంచే పుట్టింది.

కానీ ఆ నిబంధన వాహనం ఎంతకాలం ఉందన్న దాని గురించి. యజమాని మారితే సెక్షన్ 50 వర్తిస్తుంది. దాని ప్రకారం కొన్నవారు 30 రోజుల్లో తాము నివసించే చోటి ఆర్టీవోకు తెలియజేయాలి. అమ్మినవారికి, వాహనం రాష్ట్రం దాటుతుంటే, ఎన్‌వోసీ జతచేసి బదిలీ సమాచారం ఇవ్వడానికి 45 రోజుల గడువు ఉంది. అదే రాష్ట్రంలో అమ్మితే అది 14 రోజులే. ఉద్యోగం మారి సొంత కారుతో పుణె నుంచి హైదరాబాద్ వచ్చినవారికి, పుణెలో కారు కొని హైదరాబాద్ తెచ్చుకున్నవారికి గడువులు ఒకటి కావు.

సొంత ఊరి ఆర్టీవో ఆఫీసులో ఎన్‌వోసీ, అసలు ఆర్‌సీ, అమ్మినవారి సంతకాలున్న ఫారం 29, 30, కొత్త నంబరు కోసం ఫారం 27, బీమా, కాలుష్య ధ్రువపత్రం, చిరునామా రుజువు కావాలి. వాహనాన్ని తనిఖీకి చూపించాల్సి ఉంటుంది. ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు ఆర్‌సీతో అక్షరం తేడా లేకుండా సరిపోవాలి. అన్నీ సరిపోతే తెలంగాణలో 2024 మార్చి నుంచి అమల్లోకి వచ్చిన టీజీ సిరీస్‌లోనో, ఆంధ్రప్రదేశ్‌లో ఏపీ సిరీస్‌లోనో కొత్త నంబరు వస్తుంది.

చౌక బేరం పన్ను దగ్గర ఎలా కరిగిపోతుంది?

రోడ్డు పన్ను రాష్ట్రాల ఆదాయం. ఒక రాష్ట్రంలో జీవితకాల పన్ను కట్టినంత మాత్రాన అది మరో రాష్ట్రంలో చెల్లదు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో ఇతర రాష్ట్రాల నుంచి వచ్చే పాత కార్లకు వాటి ధర, వయసు లెక్కగట్టి జీవితకాల పన్ను మళ్లీ వసూలు చేస్తారు. ఇక్కడ చూసేది కారు కొత్తగా ఉన్నప్పటి ధర, ఇప్పుడు బేరమాడి కుదుర్చుకున్న ధర కాదు. అందుకే మొదటి ఇన్‌వాయిస్ కాపీ అడిగి తీసుకోవాలి.

ఒక ఊహాజనిత లెక్క చూద్దాం. కొత్తగా 12 లక్షల రూపాయలు పలికిన కారు హైదరాబాద్‌లో 6 లక్షలకు, ఢిల్లీలో 5 లక్షల 10 వేలకు దొరుకుతోందనుకుందాం. తేడా 90 వేలు. వయసు తగ్గింపు పోగా కొత్త ధర మీద 8 శాతం పన్ను పడితే అదే 96 వేలు. ప్రయాణ ఖర్చు, ఆర్టీవో ఫీజులు, కొత్త నంబరు ప్లేటు దీనికి అదనం. కాబట్టి బేరం కుదుర్చుకునే ముందే సొంత ఆర్టీవో ఆఫీసులో పన్ను ఎంతవుతుందో కనుక్కోవాలి.

ఢిల్లీ కార్లు చౌకగా దొరకడానికి ఒక కారణం ఉంది. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ వాహనాల మీద జాతీయ హరిత ట్రైబ్యునల్ విధించిన ఆంక్షలను 2018లో సుప్రీంకోర్టు అమలు చేయాలంది. 2025లో దీనిపై కోర్టు ఆదేశాలు మారుతూ వచ్చాయి. ఆ భయంతో ఎనిమిది, తొమ్మిదేళ్ల డీజిల్ కార్లను యజమానులు వదిలించుకుంటారు. ఆ ఆంక్ష తెలుగు రాష్ట్రాలకు లేదు. అయినా 15 ఏళ్ల తర్వాత ఎక్కడైనా రిజిస్ట్రేషన్ పునరుద్ధరించుకోవాల్సిందే.

కారు రాష్ట్రం విడిచి వెళితే మిగిలిన కాలానికి పన్నులో కొంత వాపసు ఇచ్చే నిబంధన కర్ణాటక, మహారాష్ట్ర వంటి చోట్ల ఉంది. దానికి కొత్త రాష్ట్రంలో రిజిస్టరైనట్టు రుజువు కావాలి. ఆ రుజువు కొన్నవారి దగ్గర, పన్ను కట్టిన రికార్డు అమ్మినవారి పేరున ఉంటాయి. వాపసు ఎవరికి చెందాలో ముందే రాసుకోకపోతే తర్వాత ఇద్దరూ ఒకరినొకరు బతిమాలుకోవాల్సిందే.

డబ్బు ఎప్పుడు, ఎలా ఇవ్వాలి?

డబ్బంతా ఒకేసారి ఇవ్వడం కన్నా, కాగితం ఒక అడుగు కదిలినప్పుడు డబ్బు ఒక అడుగు కదలడం మంచిది. ముందుగా పరివాహన్ పోర్టల్‌లో లేదా ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి రిజిస్ట్రేషన్ తేదీ, రుణం, బీమా వివరాలు చూడాలి. ఈ-చలాన్ సైటులో జరిమానాలు చూడాలి. కారు దొంగ సొత్తు కాదని తెలుసుకోవడానికి జాతీయ నేర రికార్డుల బ్యూరో వెబ్‌సైట్‌లో సదుపాయం ఉంది.

అడ్వాన్సు చిన్న మొత్తమే ఇవ్వాలి. రసీదులో ఛాసిస్ నంబరు, ఎన్‌వోసీ రాకపోతే అడ్వాన్సు వాపసు ఇవ్వాలన్న షరతు ఉండాలి. రుణం మిగిలి ఉంటే ఆ మొత్తాన్ని అమ్మేవారికి కాకుండా నేరుగా రుణ ఖాతాకే చెల్లించాలి. మిగిలిన పెద్ద మొత్తం ఎన్‌వోసీ వచ్చాకే ఇవ్వాలి.

అయితే అమ్మేవారికీ ఒక న్యాయమైన భయం ఉంటుంది. కాగితాలన్నీ ఇచ్చేశాక డబ్బు రాకపోతే? దీనికి సులువైన మార్గం ఒకటి ఉంది. ఒకే రోజు, ఒకే బల్ల దగ్గర సంతకాలు చేసిన ఫారాలు, ఎన్‌వోసీ, అసలు ఆర్‌సీ, రెండు తాళాలు ఒకవైపు, బ్యాంకు బదిలీ మరోవైపు జరగాలి. నెఫ్ట్, ఆర్టీజీఎస్ ఇప్పుడు రోజంతా పనిచేస్తాయి. 2025 ఏప్రిల్ నుంచి వీటిలో ఖాతాదారు పేరు ముందే చూపించే ఏర్పాటు ఉంది. ఆ పేరు, ఆర్‌సీలో పేరు ఒకటే అయి ఉండాలి. ‘మా బావమరిది ఖాతాకు పంపండి’ అంటే అక్కడే ఆగాలి.

నగదు విషయంలో మరో జాగ్రత్త అవసరం. ఒకే లావాదేవీకి ఒకరి నుంచి 2 లక్షల రూపాయలు, ఆపైన నగదు తీసుకోకూడదన్న ఆదాయపు పన్ను నిబంధన 2017 ఏప్రిల్ నుంచి ఉంది. ఉల్లంఘిస్తే తీసుకున్నవారికి అంత మొత్తమూ జరిమానా పడవచ్చు.

సైన్యంలో పనిచేస్తున్నానని, బదిలీ కావడంతో కారు తక్కువకు అమ్మేస్తున్నానని చెప్పి, రవాణా ఖర్చు పేరుతో డబ్బు పంపించుకునే మోసం దేశమంతా పాతదే. కారు చూడకుండా ఒక్క రూపాయీ పంపకూడదు. పంపి మోసపోతే వెంటనే 1930కు ఫోను చేయాలి.

బీమా, డీలర్ల సంగతి

కారు చేతులు మారినప్పుడు థర్డ్ పార్టీ బీమా కొత్త యజమానికి బదిలీ అయినట్టే భావిస్తారు. కానీ 14 రోజుల్లో బీమా కంపెనీకి దరఖాస్తు చేసుకోవాలి. సొంత కారుకు జరిగే నష్టానికి ఈ ఆటోమేటిక్ బదిలీ వర్తించదని సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పింది. నో క్లెయిమ్ బోనస్ కూడా అమ్మినవారిదే, కారుతోపాటు రాదు. పాత క్లెయిముల వివరాలు అడగడం మరచిపోకూడదు. 2024 సెప్టెంబరులో విజయవాడ వరదల్లో మునిగిన కార్ల లాంటివి బయటకు కడిగిన ముత్యాల్లా కనిపించవచ్చు.

డీలరు ద్వారా కొంటే, ఆయనకు ఆర్టీవో ఇచ్చిన అధీకృత ధ్రువపత్రం ఉందేమో చూడాలి. 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం, యజమాని కారును అధీకృత డీలరుకు అప్పగించి ఆ విషయం ఆన్‌లైన్‌లో తెలియజేస్తే డీలరే యజమానిగా పరిగణనలోకి వస్తారు. ఎన్‌వోసీకి, పేరు మార్పిడికి ఆయనే దరఖాస్తు చేయవచ్చు. ఈ పత్రం లేని మధ్యవర్తి దగ్గర ఉండేది పాత యజమాని సంతకాలున్న ఖాళీ ఫారాలు మాత్రమే.

కారు ఇంటికి చేరినా పని పూర్తయినట్టు కాదు. కొన్నవారు తమ పేరున్న కొత్త ఆర్‌సీ అందుకున్నాక దాని కాపీ ఒకటి అమ్మినవారికి పంపాలి. అమ్మినవారు అది వచ్చేదాకా అడుగుతూనే ఉండాలి.