మారుతి 800 వర్సెస్ ఎక్స్‌యూవీ700: అసలు తేడా స్క్రీన్‌లో లేదు!

రెండు ఫోన్లు పక్కపక్కన పెట్టి స్పెక్స్ పోల్చడం మనకు అలవాటే. ఈసారి అదే పని రెండు కార్లతో చేద్దాం. ఒకటి 1983 డిసెంబర్‌లో వచ్చిన మారుతి 800, రెండోది 2021లో వచ్చిన మహీంద్రా ఎక్స్‌యూవీ700.

సైజ్, ఇంజిన్

800లో ఉన్నది 796 సీసీ, మూడు సిలిండర్ల చిన్న ఇంజిన్. పొడవు దాదాపు 3.3 మీటర్లు. ఎక్స్‌యూవీ700లో 2 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజిన్ 200 పీఎస్ పవర్ ఇస్తుంది. పొడవు దాదాపు 4.7 మీటర్లు. హైవే మీద దీనికి తిరుగులేదు. కానీ ఇరుకు సందులో పార్క్ చేయాలంటే నేను 800 తాళాలే తీసుకుంటా.

రిపేర్

పాత 800 అంటే బ్యాటరీ ఊడదీసి మార్చుకునే ఫోన్ లాంటిది. కార్బరేటర్ ట్యూనింగ్, ప్లగ్‌ల క్లీనింగ్ లాంటివి వీధి చివర మెకానిక్ చేసేస్తాడు. ఎక్స్‌యూవీ700 అలా కాదు. అడాస్ ఉన్న వేరియంట్‌లో ముందు అద్దం మార్చినా కెమెరాను మళ్లీ కాలిబ్రేట్ చేయాలి. ఈ రౌండ్ 800దే.

సేఫ్టీ

నా దృష్టిలో తీర్పు చెప్పే రౌండ్ ఇదే. ఫోన్ కింద పడితే దెబ్బ కేస్ తీసుకుంటుంది కదా, కారు ముందు భాగం కూడా అలాగే నలిగి దెబ్బను తనలోకి తీసుకోవాలి. దాన్నే క్రంపుల్ జోన్ అంటారు. 800 ముక్కు చాలా పొట్టి. ఎయిర్‌బ్యాగులు లేవు, ఏబీఎస్ లేదు. పైగా వేగం రెట్టింపైతే ఢీకొట్టే శక్తి నాలుగు రెట్లు అవుతుంది. అంటే 40లో తట్టుకున్న బాడీ 80లో తట్టుకుంటుందన్న గ్యారంటీ లేదు.

ఎక్స్‌యూవీ700కి 2021 గ్లోబల్ ఎన్‌క్యాప్ టెస్టులో పెద్దల భద్రతకు 5 స్టార్లు, పిల్లల భద్రతకు 4 స్టార్లు వచ్చాయి. పై వేరియంట్లలో 7 ఎయిర్‌బ్యాగులు ఉంటాయి. అవసరమైతే దానంతట అదే బ్రేక్ వేసే సిస్టమ్ కూడా ఉంది.

మరి ఏది బెటర్?

మీ ఇంట్లో పాత 800 ఉంటే అమ్మేయమని నేను చెప్పను. 15 ఏళ్లు దాటితే ఫిట్‌నెస్ టెస్టు చేయించి రిజిస్ట్రేషన్ రెన్యూవల్ చేయించండి, ఊళ్లో హాయిగా తిప్పండి. కానీ అమ్మానాన్నలతో హైవే ఎక్కాలంటే మాత్రం కొత్త తరం కారే. కొనేటప్పుడు సన్‌రూఫ్, పెద్ద స్క్రీన్ తర్వాత చూడొచ్చు. ముందు క్రాష్ టెస్ట్ రేటింగ్ చూడండి. స్క్రీన్ పాతబడితే సర్దుకుపోవచ్చు, సేఫ్టీ తక్కువైతే సర్దుకుపోలేం.