హార్డు డిస్కు: సెక్టారు పరిమాణము – నిల్వ సామర్థ్యము

మానవుడు తన జ్ఞానమును భద్రపరచుకొనుటకు తాళపత్రము, కాగితము, ఫిల్ము మున్నగు సాధనములను ఒకదాని తరువాత ఒకటిగా ఆశ్రయించినాడు. నేడు ఆ భారములో పెద్ద పాలు హార్డు డిస్కు మోస్తున్నది. ఆదివారమునాడు అబిడ్స్ కాలిబాటలపై పరచిన పాత పుస్తకములలో ముట్టుకొంటే పొడియై రాలిపోయే ఉర్దూ, తెలుగు సంచికలు ఎన్నో కనిపిస్తాయి. వాటిని స్కాను చేసి దాచుకొనదలచిన మన విద్యార్థులు మమ్ము తరచు అడిగే ప్రశ్న ఒకటి గలదు: సెక్టారు పెద్దదైతే డిస్కులో ఎక్కువ పడుతుందా? పడుతుంది. ఎట్లు పడుతుందో, ఎంత పడుతుందో వివరించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

డిస్కులో అయస్కాంత పూత గల గుండ్రని పళ్లెములు ఉంటాయి. వాటిపై ట్రాకులు, ఒక్కొక్క ట్రాకులో సెక్టారులు అనే భాగములు. చదివినా, వ్రాసినా డిస్కు ఒక పూర్తి సెక్టారు చొప్పుననే పని చేస్తుంది. సగము సెక్టారు వ్రాయుట దానికి సాధ్యము కాదు. 1956లో ఐ.బి.ఎమ్. సంస్థ వెలువరించిన తొలి డిస్కు యంత్రములో 24 అంగుళముల పళ్లెములు 50 ఉండేవి. సెక్టారు ఒక్కింటికి 100 అక్షరములు, మొత్తము 50 లక్షల అక్షరములు. తరువాతి కాలమున పర్సనల్ కంప్యూటర్లలో 512 బైట్ల సెక్టారు స్థిరపడినది. నేటి యూనికోడ్ యు.టి.ఎఫ్.-8 పద్ధతిలో ఉర్దూ అక్షరమునకు 2 బైట్లు, తెలుగు అక్షర సంకేతమునకు 3 బైట్లు కావలెను. కావున అట్టి సెక్టారులో 256 ఉర్దూ అక్షరములు గాని, గుణింతపు గుర్తులను విడిగా లెక్కించినచో 170 తెలుగు సంకేతములు గాని పడతాయి.

అయితే సెక్టారు అంతా మన సమాచారమే కాదు. ముందు కొంత ఖాళీ, ఆరంభమును తెలిపే గుర్తులు, చివర దోషములను సవరించు సంకేతము ఉండి తీరవలెను. 1907 నాటి మన నాంపల్లి స్టేషనులో నిలిచిన రైలును చూడండి. పాత నమూనా స్లీపరు పెట్టెలో 72 బెర్తులు, ఎల్.హెచ్.బి. పెట్టెలో 80. తలుపులు, మరుగుదొడ్లు, కప్లింగులు రెంటికీ కావలసినవే. 720 మందికి పాతవి 10 పెట్టెలు కావలెను, కొత్తవి 9 చాలును. పెట్టె పెద్దదైన కొద్దీ ప్రయాణికులు కూర్చొనని చోటు తగ్గుతుంది. సెక్టారు విషయమూ ఇంతే.

లెక్క చూద్దాము. 512 బైట్ల సెక్టారుకు ఖాళీ, గుర్తుల నిమిత్తము 15 బైట్లు, దోష సవరణకు 50 బైట్లు అనుకొంటే మొత్తము 577. మన సమాచారము వంతు సుమారు 88.7 శాతము. అట్టివి 8 కలిస్తే 4,616 బైట్లు. అదే 4,096 బైట్లను ఒకే సెక్టారుగా వ్రాస్తే 15, 100 కలిపి 4,211 బైట్లే, వంతు 97.3 శాతము. అంటే అదే పళ్లెముపై సుమారు 10 శాతము అదనపు చోటు. మరొక లాభము కూడ గలదు. బిట్లు చిన్నవగుచున్న కొద్దీ ఒక్క చిన్న గీత కూడ అనేక బిట్లను పాడుచేస్తుంది. 100 బైట్ల సంకేతము 50 బైట్ల దానికంటె పొడవైన దోషమును సవరించగలదు. ఈ కారణములచేతనే తయారీదారులు 2011 జనవరి నుండి కొత్త నమూనాలను 4,096 బైట్ల పద్ధతికి మార్చుటకు అంగీకరించినారు.

ఇక్కడ రెండు అపోహలను తొలగించవలెను. ఒక టెరాబైటు డిస్కును విండోస్ 931 గిగాబైట్లుగా చూపుటకు కారణము సెక్టారు కాదు. తయారీదారు వేయి చొప్పున, విండోస్ 1,024 చొప్పున లెక్కించుటయే కారణము. పెట్టెపై ముద్రించిన సామర్థ్యములో సవరణ బైట్లు ముందే మినహాయింపబడి ఉంటాయి. కావున ఈ 10 శాతము కొన్న తరువాత అదనముగా లభించునది కాదు. అదే పళ్లెముపై పెద్ద డిస్కు చేయుటకు తయారీదారునికి ఉపకరించునది. రెండవది, పెద్ద సెక్టారు వలన చిన్న ఫైళ్లకు నష్టమనే భయము. విండోస్ మామూలుగా ఫైళ్లకు 4,096 బైట్ల చొప్పుననే చోటు కేటాయిస్తున్నది గనుక కొత్త నష్టమేమియు లేదు.

జాగ్రత్తపడవలసినది వేరొక చోట. చాలా డిస్కులు లోపల 4,096 బైట్లుగా ఉండి, పాత కంప్యూటర్ల కొరకు బయటికి 512గా కనిపిస్తాయి. విండోస్ ఎక్స్‌పీ తొలి విభాగమును 63వ సెక్టారు నుండి ఆరంభించేది. 63ను 8 నిశ్శేషముగా భాగించదు. అందుచేత ప్రతి ఖండమూ రెండు అసలు సెక్టారుల మీదికి పడుతుంది. డిస్కు ఆ రెంటినీ చదివి, మార్చి, తిరిగి వ్రాయవలసి వస్తుంది. పని మందగించుటయే గాక, ఆ నడుమ కరెంటు పోతే పక్కనున్న సమాచారము కూడ చెడే ప్రమాదము గలదు. విస్టా మొదలుకొని ఆరంభము 2,048కి మారినది. దానిని 8 నిశ్శేషముగా భాగిస్తుంది. పాత డిస్కును యథాతథముగా కొత్తదానికి నకలు చేసేవారు ఈ సంఖ్యను తప్పక పరిశీలింపవలెను.

నేడు దొరికే ఒక పాత సంచిక మరల దొరుకుతుందని చెప్పలేము. దానిని దాచే పనికి పూనుకొన్న విద్యార్థి సామర్థ్యమును మాత్రమే చూచి డిస్కును కొనరాదు. దాని లోపలి అమరికను తెలిసికొని, ప్రతి గ్రంథమునకు వేర్వేరు డిస్కులలో రెండు ప్రతులు ఉంచవలెను. మన కళాశాల గ్రంథాలయములోని రెండు భాషల సంపద ఈ విధముగా రాబోవు తరములకు అందుతుందని ఆశిస్తున్నాము.