చెప్పలేని నొప్పి.. కనిపెట్టేవాళ్లం మనం ఇక్కడ!

2023 జూన్. ఎండాకాలం మూడు నెలలూ కువైట్‌లో పదకొండు నుంచి నాలుగు దాకా బయట పని చేయించకూడదు. సైటు షెడ్డులో నడుం వాల్చానో లేదో ఇంటి నుంచి ఫోను. "చిన్నోడు చెంప మీద గుద్దుకుంటాండాడు రా. రెండు దినాలుగా కూడు ముట్టలే" అని అమ్మ ఏడుపు.

మాది రాజంపేట దగ్గర పల్లె. తమ్ముడికి అప్పుడు ఇరవై ఆరేళ్లు. పుట్టుకతోనే బుద్ధి ఎదుగుదల తక్కువ. నాలుగైదు మాటలకు మించి రావు. ఊళ్లో కొందరు "పిచ్చోడు" అంటారు. పిచ్చి వేరు, ఇది వేరు. పాత సర్టిఫికెట్లలో బుద్ధిమాంద్యం అని రాసేవాళ్లు, ఇప్పుడు మేధో వైకల్యం అంటున్నారు.

ఊళ్లో ఆర్‌ఎంపీ నిద్ర ఇంజక్షన్ వేశాడు. టౌనులో ఒక ప్రైవేటు డాక్టరు చెయ్యి కూడా వేసి చూడకుండా "ఇట్లాంటోళ్లు ఇంతేనమ్మా" అని మాత్రలు రాసిచ్చాడు. మూడో రోజు వీడియో కాల్‌లో నేను చూశాను. గుద్దుకునేది ఎడమ చెంప ఒక్కటే. నీళ్ల గ్లాసు పెదవికి తగిలితే తల తిప్పేస్తున్నాడు. చిన్నప్పుడు చెవిపోటు వచ్చినప్పుడూ నొప్పి ఉన్న పక్కే కొట్టుకునేవాడు. "అమ్మా, పన్ను చూపించు" అన్నాను. చూపిస్తే దవడ పన్ను కింద చీము.

నేను డాక్టర్ని కాను. సివిల్ డిప్లొమా చేసి స్లాబులు పోయించే సూపర్‌వైజర్ని. వాడితో ఒకే మంచంలో పెరిగాను కాబట్టి కనిపెట్టాను. అలా కనిపెట్టగలిగిన మనిషి బతుకుతెరువుకు సముద్రం దాటి వచ్చేశాడు. మన గల్ఫ్ ఇళ్లల్లో ఇదే అసలు చిక్కు. పోనీ వాణ్నే తెచ్చుకుందామంటే, ఫ్యామిలీ వీసా భార్యాబిడ్డలకే కష్టం. 2024లో దానికి కనీస జీతం 800 దీనార్లు చేశారు. తమ్ముడి మాట చెప్పేదేముంది?

ఆ పన్ను తీసిన డాక్టరమ్మ గురించి చెప్పాలి. మొదటి రోజు కుర్చీ ఎక్కమంటే వాడు అరిచాడు. ఆమె బలవంతపెట్టలేదు. చిన్న అద్దం చేతికిచ్చి ఆడుకోమంది. మంట తగ్గడానికి మందులిచ్చి, మర్నాడు పొద్దున్నే జనం రాకముందు రమ్మంది. ఫోనులో నేను మాట్లాడుతుంటే నోరు తెరిచాడు. ఆమె ఖరీదైన మెషీన్లేవీ తేలేదు. కాస్త వేళ మార్చింది, కాస్త ఓపిక పట్టింది, అంతే.

ఈ సంగతి ఒక శుక్రవారం మాలియాలో చెబుతుంటే కోనసీమ అక్క ఒకామె అందుకుంది. ఆమె పనిచేసే కువైటీ ఇంట్లో మాటలు రాని బాబు ఉన్నాడు. "వేలు కొరికితే కడుపునొప్పండి. మేడమ్ కంటే ముందు నాకే తెలిసిపోద్ది" అంది. ఆస్పత్రికెళ్తే డాక్టరు అడిగేది కూడా ఆమెనేనట. సెలవుకు ఊరెళ్లేముందు ఇవన్నీ నోటుబుక్కులో రాసి, తన బదులు వచ్చే ఆమెకు అప్పజెప్పి వెళ్లిందట. కువైట్‌లో 2010 నాటి 8వ నంబరు చట్టం, దాని కింద వికలాంగుల కోసం పబ్లిక్ అథారిటీ ఉన్నాయి. ముఖ్యంగా కువైటీల కోసం లెండి. కానీ ఆ బాబుకు ముందుగా అక్కరకొచ్చేది మన తెలుగు అక్క నోటుబుక్కే.

తర్వాత తెలిసింది, ఇంగ్లండులో ఇదే పనిని "ఆస్పత్రి పాస్‌పోర్టు" అంటారని. పాస్‌పోర్టు విలువ మనకు ఎవరూ చెప్పక్కర్లేదు కదా. అక్కడ మేధో వైకల్యం ఉన్నవాళ్ల మరణాలపై 2013లో వచ్చిన విచారణ నివేదిక ప్రకారం, మామూలు జనంకంటే మగవాళ్లు 13 ఏళ్లు, ఆడవాళ్లు 20 ఏళ్లు ముందుగా పోతున్నారు. వచ్చిన జబ్బును కూడా వైకల్యం ఖాతాలో వేసెయ్యడం దీనికి ఒక కారణం. అందుకే 14 ఏళ్లు దాటినవాళ్లకు అక్కడ ఏటా ఆరోగ్య పరీక్ష ఉంది. మన దగ్గర ఎవరూ పిలవరు, మనమే చేయించాలి. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో దాదాపు సగం మందికి పుట్టుకతోనే గుండెలో లోపం ఉంటుంది. థైరాయిడ్ సమస్యా ఎక్కువే. రోజుల తరబడి విరేచనం కాకపోయినా వాళ్లు చెప్పలేరు, అది ప్రాణం మీదికి రావచ్చు.

ఇంటి దగ్గర హక్కులూ ఉన్నాయి. సదరం సర్టిఫికెట్ పింఛను కోసమే అనుకుని బీరువాలో పెట్టేస్తాం. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 25వ సెక్షన్ ప్రకారం వైద్యంలో వీళ్లకు ప్రాధాన్యం ఇవ్వాలి. క్యూలో గంటలు నిలబెడితే ఆ మాట అడగండి. నేషనల్ ట్రస్ట్ వారి "నిరామయ" బీమాలో లక్ష రూపాయల దాకా వైద్యం ఉంది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యం ఉన్నవాళ్లకు ఇది వర్తిస్తుంది. ముందస్తు పరీక్షలుండవు. ఓపీ, మందులు, థెరపీ కూడా వస్తాయి. బిల్లులు పారేయకూడదు, ఏటా రెన్యువల్ మరిచిపోకూడదు. పరీక్షలకు, సలహాకు సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో 1984లో పెట్టిన జాతీయ సంస్థ (ఇప్పటి పేరు ఎన్‌ఐఈపీఐడీ) ఉంది.

తమ్ముడి కోసం నేను రాసింది ఒక్క పేజీ. పేరు, పడని మందులు, వాడుతున్న మందులు. నొప్పి వస్తే ఏం చేస్తాడు, భయమేస్తే ఏం చేస్తాడు. సూది చూపించకూడదు, కుడి చేతికే వేయనిస్తాడు. పాట పెడితే కుదురుగా కూర్చుంటాడు. కింద అమ్మ నంబరు, నా కువైట్ నంబరు. అమ్మకు చదువు రాదు, అందుకే అడిగినవాళ్ల చేతికి ఇచ్చేస్తే చాలన్నాను.

మొన్న సెలవులో ఆ పేజీ మార్చాల్సి వచ్చింది. వాడికి కొత్తగా ఫిట్స్ మందు మొదలైంది. మందు పేరు, వేళ, డాక్టరు చెప్పకుండా ఆపకూడదన్న మాట చేర్చాను. పాతది తీసేసి తలుపు వెనక కొత్తది అంటించాను. ఒక కాపీ ఏఎన్‌ఎం చేతికి, ఇంకోటి ఎదురింటి పిన్నికి ఇచ్చి విమానం ఎక్కాను.