మానని నోటిపుండు

నోటిపూత అనగానే మనకు తోచేది ‘వేడి చేసింది’ అన్న మాట. మజ్జిగ, బి-కాంప్లెక్సు మాత్ర, మందుల దుకాణంలో అడిగి తెచ్చుకున్న పూతమందు; సాధారణంగా వారం పది రోజులలో తగ్గిపోతుంది. మన రాయపూర్ ప్రాంతంలో ఇంకొక కారణం కూడ సిద్ధంగా ఉంటుంది: గుడాఖు. పొగాకు, బెల్లపు మడ్డి కలిపిన ఈ ముద్దతో పళ్లు రుద్దుకొనే అలవాటు ఛత్తీస్‌గఢ్‌లో స్త్రీలలోనూ కనిపిస్తుంది. అది హానికరమనుటలో సందేహం లేదు. అయితే నోటిలోని ప్రతి పుండునూ దాని ఖాతాలో వ్రాయడం వలన అరుదైన కొన్ని వ్యాధులు నెలల తరబడి మరుగున పడి ఉంటాయి.

అటువంటిదే పెంఫిగస్ వల్గారిస్. పైపొర కణాలను ఒకదానితో ఒకటి అతికించి ఉంచే డెస్మోగ్లీన్ అనే మాంసకృత్తుపై శరీర రక్షణ వ్యవస్థయే దాడి చేస్తుంది. అతుకు సడలి పొర ఊడుతుంది. అధిక సంఖ్యాకులలో ఇది నోటిలోనే ఆరంభమవుతుంది. చర్మంపై బొబ్బలు వారాలకో నెలలకో గాని కనిపించవు. నోటిలోని బొబ్బ అన్నం నమిలేసరికే చితికిపోతుంది కనుక మిగిలేది పుండు మాత్రమే. ఇది అంటువ్యాధి కాదు. రోగికి కంచం, గ్లాసు వేరు చేయవలసిన పని లేదు.

నిర్ధారణకు బయాప్సీ తప్పదు. కర్మాగారంలో పనిచేసేవారికి పరిచితమైన సూత్రమే ఇక్కడా వర్తిస్తుంది: నమూనా సరియైన చోట తీయనిదే నివేదికకు విలువ లేదు. పుండు నడుమ పొర ఊడిపోయి ఉంటుంది; చూడవలసినదే అక్కడ ఉండదు. అందుచేత ఒక ముక్కను పుండు అంచునుండి, రెండవదానిని ప్రక్కనే పైకి బాగుగా కనిపించే పొరనుండి తీస్తారు. మొదటిది ఫార్మలిన్‌లో వేస్తారు. రెండవది ఇమ్యునోఫ్లోరసెన్స్ పరీక్షకు. ఫార్మలిన్‌లో వేస్తే పనికిరాకుండా పోతుంది. ‘మామూలు పుండు’ అని నివేదిక వచ్చి, పుండు మాత్రం మానకుంటే, రెండవ ముక్క పంపారా అని వైద్యుని అడగడం మర్యాదకు భంగం కాదు.

1950లలో స్టెరాయిడ్లు వాడుకలోకి వచ్చేవరకు ఈ వ్యాధి ఎక్కువమందికి ప్రాణాంతకమే. 1980లలో ఢిల్లీ ఎయిమ్స్‌లో డాక్టర్ జె.ఎస్. పస్రిచా, నెలకొకమారు వరుసగా మూడు రోజులు డెక్సామెథసోన్‌ను నరంలోకి ఎక్కించే పల్స్ చికిత్సను రూపొందించారు. నేడు రిటుక్సిమాబ్ సూదిమందు ప్రాధాన్యం పొందినది. దానికి ముందు క్షయ, హెపటైటిస్-బి ఉన్నవేమో పరీక్షించాలి. ఏ మందు వాడినా, పుండ్లు తగ్గాయి గదా అని స్టెరాయిడ్ మాత్రలను స్వయంగా ఒక్కసారిగా ఆపివేయడం చాల ప్రమాదకరం.

రెండు వారాలు దాటిన నోటిపుండు క్యాన్సరు కూడ కావచ్చును. దానిని రాయపూర్‌లోని ప్రభుత్వ దంతవైద్య కళాశాలలోనో, టాటీబంధ్‌లోని ఎయిమ్స్‌లోనో చూపించండి. పుండు మొదలైన తేదీ, అంతవరకు వాడిన మందుల పేర్లు ఒక కాగితంపై వ్రాసి తీసుకువెళ్లండి. గుడాఖు అలవాటు ఉంటే దాచక అదీ వ్రాయండి.