అట్ట వెనక చిన్న అక్షరాలు

"ఒక మందు చాల్లేదా డాక్టరుగారూ, నాకు బీపీ అంత ముదిరిపోయిందా?" రెండు మందులు కలిసిన మాత్ర రాయగానే చాలామంది అడిగే మాట ఇది. ఆ భయం అర్థమవుతుంది, కానీ రెండు మందులు రాశారంటే జబ్బు ముదిరిందని కాదు. బీపీ పెరగడానికి ఒక్క దారి ఉండదు. రక్తనాళాలు బిగుసుకోవచ్చు, ఒంట్లో ఉప్పూ నీరూ నిలిచిపోవచ్చు, కిడ్నీల దగ్గర మొదలయ్యే హార్మోన్లు నాళాలను ముడుచుకునేలా చేయవచ్చు. ఒక దారి మూస్తే ఒళ్లు రెండో దారి వెతుక్కుంటుంది. మూత్రం ద్వారా నీరు పోయే మాత్ర వేసుకున్నామనుకోండి, నీరు తగ్గిందని గ్రహించిన కిడ్నీ ఆ హార్మోన్లనే ఎక్కువ చేస్తుంది. అందుకే రెండు దారుల్నీ తక్కువ డోసులతో ఒకేసారి కాయడం తెలివైన పని.

42 అధ్యయనాల ఫలితాలను కలిపి చూసిన విశ్లేషణ ఒకటి 2009లో వచ్చింది. ఉన్న మందు డోసును రెట్టింపు చేయడం కంటే, వేరే తరగతి మందును జోడిస్తే బీపీ దాదాపు 5 రెట్లు ఎక్కువ తగ్గుతుందని అందులో తేలింది. కొన్ని జోడీల్లో ఒక మందు రెండోదాని ఇబ్బందిని కూడా తగ్గిస్తుంది. రక్తనాళాలను వెడల్పు చేసే అమ్లోడిపిన్ డోసు పెంచితే కొందరికి పాదాలు వాస్తాయి. పొలానికి నీళ్లొచ్చే కాలువను వెడల్పు చేసి, నీళ్లు బయటికి పోయే కాలువను అలాగే వదిలేస్తే చేలో నీరు నిలుస్తుంది కదా, అదే జరుగుతుంది. దానికి జోడించే టెల్మిసార్టాన్ అనే మందు ఆ రెండో కాలువను కూడా తెరుస్తుంది, వాపు తగ్గుతుంది.

ఇది కొత్త పోకడ కూడా కాదు. బీపీకి మందు వేస్తే ప్రాణాలు నిలుస్తాయని మొదట గట్టిగా చూపించిన 1967 నాటి అమెరికా అధ్యయనంలో 143 మందిలో సగం మందికి ఇచ్చింది మూడు మందుల కలయికే. ఉత్తుత్తి మాత్రలు తీసుకున్నవారిలో 27 మందికి తీవ్రమైన ముప్పులు వస్తే, అసలు మందు తీసుకున్నవారిలో ఇద్దరికే వచ్చాయి. ఆ మూడింటిలో ఒకటైన రెసర్పిన్ మన సర్పగంధి వేరు నుంచి వచ్చింది. ఆ వేరు బీపీని తగ్గిస్తుందని 1949లో ప్రపంచానికి చెప్పినవారు బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్. ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా కలయిక మాత్రలను సిఫారసు చేస్తోంది. 2019లో అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చిన జోడీల్లో టెల్మిసార్టాన్, అమ్లోడిపిన్ జోడీ ఉంది.

మరి ప్రమాదం ఎక్కడుంది? మాత్రలో ఏమున్నాయో తెలియకుండా మింగడంలో ఉంది. డాక్టరు కలయిక మాత్రకు మారుస్తారు. ఇంట్లో పాత టెల్మిసార్టాన్ అట్ట ఇంకా మిగిలి ఉంటుంది. డబ్బు పెట్టి కొన్నది వృథా ఎందుకని రెండూ వేసుకుంటారు. లేదా ఊళ్లో ఏఎన్ఎం ఇచ్చిన అమ్లోడిపిన్ ఒకవైపు, పట్నం డాక్టరు రాసిన మాత్ర మరోవైపు. పేర్లు వేరు కాబట్టి మందులూ వేరే అనుకుంటారు. నాలుగు రోజులకు మంచం మీద నుంచి లేవగానే కళ్లు బైర్లు కమ్ముతాయి. పెద్ద వయసువారు బాత్రూంలో పడి తుంటి విరగ్గొట్టుకునేది ఇలాంటప్పుడే.

కంపెనీ పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది. మనం చదవాల్సింది దాని కింద మిల్లీగ్రాములతో సహా ఉండే చిన్న అక్షరాలు. ఇంగ్లిషు రాకపోతే చదువుకునే పిల్లలతో చదివించుకోండి. చివర 'సార్టాన్' అని ఉన్నవన్నీ ఒక కుటుంబం. 'ప్రిల్' మరొకటి. 'డిపిన్' అంటే అమ్లోడిపిన్, సిల్నిడిపిన్ తరహా. 'థయాజైడ్', 'థాలిడోన్' నీరు పోయే మందులు. రెండు అట్టల మీద ఒకే తోక కనిపిస్తే ఆ రోజే డాక్టరును అడగండి. సార్టాన్, ప్రిల్ రెండూ కలిసి కనిపించినా అడగండి. 25 వేల మందికి పైగా పాల్గొన్న 2008 నాటి అధ్యయనంలో టెల్మిసార్టాన్‌కు రామిప్రిల్ కలిపితే అదనపు రక్షణ ఏమీ రాలేదు, బీపీ మరీ పడిపోవడం, కిడ్నీ ఇబ్బందులు మాత్రం పెరిగాయి.

నన్ను అన్నిటికన్నా ఎక్కువ భయపెట్టేది నొప్పుల గోలీ. నాట్లు వేసి నడుము పట్టేసిందనో, మోకాళ్లు సలుపుతున్నాయనో మెడికల్ షాపులో డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ అడిగి తెచ్చుకోవడం మనకు మామూలు. సార్టాన్‌తో పాటు నీరు పోయే మందు కూడా వాడేవారికి ఈ మూడోది తోడైతే కిడ్నీ మూడు వైపుల నుంచీ నలుగుతుంది. ఒంట్లో నీరు ముందే తగ్గి ఉంటుంది, నొప్పి మాత్ర కిడ్నీకి వచ్చే రక్తాన్ని తగ్గిస్తుంది, వడపోతకు కావలసిన ఒత్తిడిని సార్టాన్ తగ్గిస్తుంది. నొప్పికి ఏం కావాలన్నా ముందు "నేను బీపీ మాత్రలు వాడుతున్నాను" అని చెప్పండి. సరైన డోసులో పారాసెటమాల్ చాలామందికి సరిపోతుంది. వాంతులు, విరేచనాలు పట్టుకున్నా, ఎండదెబ్బ తగిలినా డాక్టరుకు వెంటనే ఫోన్ చేయండి. అలాంటప్పుడు ఈ మాత్రలను కొన్నాళ్లు ఆపమని చెప్పే అవకాశం ఉంది. అలాగని సొంతంగా ఆపేయడం వేరే ప్రమాదం. మెటోప్రోలాల్, క్లోనిడిన్ లాంటి బీపీ మందులను హఠాత్తుగా మానేస్తే బీపీ ఎగదన్నుతుంది.

సార్టాన్ మొదలుపెట్టాక కొన్ని వారాల్లో క్రియాటినిన్, పొటాషియం పరీక్షలు చేయించాలి. కిడ్నీ జబ్బు ఉన్నవారు 'తక్కువ సోడియం ఉప్పు' అని అమ్మే పొటాషియం ఉప్పు జోలికీ, రోజూ కొబ్బరి నీళ్ల జోలికీ అడగకుండా వెళ్లకూడదు. గర్భం దాల్చాలనుకునే స్త్రీలకు సార్టాన్, ప్రిల్ రెండూ పనికిరావు, ముందే మార్పించుకోవాలి. బాగా నీరసించిన వృద్ధులకు, బీపీ 140 దగ్గరే ఊగిసలాడేవారికి మొదట ఒక్క మందే సరిపోవచ్చు. నిలబడ్డాక కూడా బీపీ చూడమని వృద్ధులు అడగాలి.

మాత్ర పొద్దున వేసుకోవాలా, రాత్రా అన్న చర్చ అక్కర్లేదు. 2022లో 21 వేల మందిపై జరిగిన బ్రిటన్ అధ్యయనంలో తేడా కనపడలేదు. మరిచిపోని వేళ ఏదైతే అదే మంచి వేళ.

ఇంకొక్క మాట. టెల్మిసార్టాన్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. మాత్రలన్నీ ఊడదీసి డబ్బాలో పోసుకోకండి, వేసుకునేముందే తీయండి. షాపులో అట్టను కత్తిరించి నాలుగు మాత్రలే ఇస్తే మందు పేరు, గడువు తేదీ ఉన్న ముక్క షాపులోనే ఉండిపోవచ్చు. కొనేది నాలుగైనా, పేరున్న వైపు నుంచి కత్తిరించి ఇమ్మని అడగండి.