సవరణ చిట్టాయందు సౌలభ్యపు గుర్తు



సెల్ ఫోనులను, కంప్యూటర్లను నడిపించు ఆజ్ఞల సముదాయమునకు సాఫ్ట్‌వేరని పేరు. దానిని ఒక్కరు ఒక్కనాడు వ్రాసి ముగింపరు. పలువురు ఏండ్ల తరబడి సవరించుచుందురు. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన ‘గిట్’ వంటి సాధనములు ఈ సవరణలకు చిట్టా యుంచును. ఎవరు, ఎప్పుడు, ఏమి మార్చిరో సాధనమే గుర్తించును. ఎందుకు మార్చిరో మార్చినవారే వ్రాయవలెను. ఆ చిన్న వ్రాతనే కమిట్ మెసేజ్ అందురు.

సవరణలలో కొన్ని చూపు లేనివారికి, వినికిడి తగ్గినవారికి, చేతులు స్వాధీనమునందు లేనివారికి అడ్డు తొలగించునవి. వానికి ‘ఎ11వై’ అను గుర్తు పెట్టు ఆచారము కొందరియందు కలదు. సౌలభ్యమును దెలుపు ‘యాక్సెసిబిలిటీ’ అను ఇంగ్లీషు మాటకు ఆ లిపిలో 13 అక్షరములు. మొదటి ‘ఎ’ను, తుది ‘వై’ని నిలిపి, నడిమి వానికి బదులు 11 అని లెక్క వేసిరి. వ్యాకరణమందు మొదటి అకారమును, తుది గుర్తగు చకారమును పలికి ‘అచ్’ అని అచ్చుల నన్నిటిని గ్రహించుట వంటిదే యిది.

అయితే గుర్తు మాత్రమే చాలదు. తెరమీది మాటలను చదివి వినిపించు సాధనములు గలవు. స్వయముగా అంధుడైన మైకేల్ కరన్ 2006లో ఆస్ట్రేలియాయందు ఆరంభించిన ‘ఎన్‌వీడీఏ’ అట్టిది. అది ఉచితముగ లభించును. దరఖాస్తు పంపుటకై నొక్కవలసిన బొమ్మకు లోపల పేరు వ్రాసియుండనిచో, అట్టి సాధనము ‘బటన్’ అని మాత్రమే పలుకును. వినువాడు దేనిని నొక్కవలయునో యెరుగడు. ఒకరు ఆ పేరును చేర్చి, చిట్టాలో ‘చిన్న మార్పు’ అని వ్రాసిరనుకొందము. కొంతకాలమునకు మరియొకడు, కంటికి కనబడని యా పేరు వ్యర్థమని తలచి తీసివేయవచ్చును. ‘ఎ11వై: దరఖాస్తు పంపు బటనుకు పేరు చేర్చబడినది; ఇది లేనిచో చూపు లేనివారు దానిని గుర్తింపజాలరు’ అని యున్నచో వాని చేయి ఆగును.

వృద్ధుల కన్నుల విషయమును ఇట్టిదే. సామాన్య ప్రమాణపు అక్షరమునకును వెనుకటి రంగునకును కాంతిభేదము 4.5కు 1 అయినను ఉండవలెనని 2008లో వెలువడిన అంతర్జాతీయ నియమములు చెప్పుచున్నవి. అక్షరములను నలుపెక్కించినవారు ‘రంగు మార్పు’ అని మాత్రమే వ్రాసిన, తరువాతివారు అందమునకై మరల పలుచన చేయుదురు. ‘చూపు మందగించినవారు చదువుటకై’ అని వ్రాసిన, ముందుగా ఆలోచింతురు.

మీ బిడ్డలలో, మనుమలలో ఈ వృత్తియం దున్నవారుండవచ్చును. ఎవరి అడ్డు తొలగినదో సవరణ వెంట వ్రాయుచున్నారా యని వారి నడుగుడు. మీ ఫోనులో చదువ శక్యముకాని పుట యున్నచో దానినిగూడ వారికి చూపుడు.